మైపాడు ఇసుకలో అరక్షణపు మహాసంగ్రామము

ఉప్పుగాలికి తలుపు గడియలు మొదలుకొని మనుష్యుల గొంతుల వరకు సమస్తమును తుప్పుపట్టెడి మైపాడు తీరమున, తూర్పు సముద్రము రాత్రియంతయు గర్జించి అలసి, నూరు బారలు వెనుకకు తగ్గి, తడి యిసుకను సిమెంటు రోడ్డు వలె గట్టిగా చేసి విడిచిన మాఘమాసపు ఒకానొక శనివారము నాడు, ఉదయము తొమ్మిది గంటల నలువది నిమిషముల వేళ, ఒక్క నీటికుళాయి కొరకు జరిగిన ఘోరసంగ్రామమును, ఆ సంగ్రామమున ఒక అరక్షణమును చేతపట్టి, సాగదీసి, దాని కడుపులోని సత్యమును బయటికి లాగిన వీడియో ఫ్రెడ్డీ పరాక్రమమును చెప్పెదను. చేపలమ్మువారు బేరములు ఆపి వినుడు. ఆటోలవారు హారన్లు మాని వినుడు. కాకులు ఎటులను వినవు గనుక వాటి మాట విడువుడు.

బస్సులు ఆగు మలుపులో చేపల అంగడి కలదు. ఆ అంగడికంతటికిని కుళాయి ఒక్కటే. దాని ప్రక్కన కూర్చున్నవారు చేయి చాచిన చాలును, నీళ్ళు. ఆ చివర కూర్చున్నవారు బకెట్టు పట్టుకొని, లేచి, నడచి, వంగి, నింపి, మోసి, మరల వచ్చి కూర్చుండునంతలో చేపలపై ఈగల చతురంగబలము దిగి జెండా పాతియుండును. ఆ కుళాయి చోటు కొరకు పూర్వము జుట్లు పట్టుకొనుటలును చెంబులు విసరుకొనుటలును జరుగగా, ఊరిపెద్దలు కూడి ఒక ధర్మమును నిర్ణయించిరి. ఏటేట ఒక పందెము. చేపలమ్ము మోపెడ్డులపై, వెనుక చేపలగంప పెట్టుకొని, పడవలు ఆపుచోటు నుండి ఇసుకలో పాతిన రెండు తెడ్ల వరకు సముద్రపుటంచున దూసికొనిపోవలెను. తెడ్ల నడుమ సున్నపు గీత. చక్రము ముందు దాటుట లెక్క కాదు, గంప ముందు దాటవలెను. ఏలయన అంగడికి కావలసినది చేప గాని చక్రము కాదు. గెలిచినవారికి ఏడాది పొడవునను కుళాయి చోటు. గంప యనునది పాత అలవాటు చొప్పున అను మాట. ఇప్పుడది నీలిరంగు ప్లాస్టిక్ టబ్బు.

మూడేండ్లుగా ఆ చోటు పెంచలయ్యది. త్రివత్సరవిజేత, కుళాయీవల్లభుడు, తీరమంతటికిని పెద్దదైన మీసము కలవాడు. అతడు ఆ నీటితో చేపలను ఒకమారు, మోపెడ్డును రెండుమారులు కడుగును. ఆ మోపెడ్డు అద్దములో మీసము చూచుకొని మిగిలిన నీళ్ళతో ముఖము కడుగును.

అంగడి ఆ చివర కూర్చుండునది మాలకొండమ్మ. ముప్పది యేండ్లు చేపలు మోసి మోసి ఆమె కుడి మోకాలు అరిగెను. ఆమె లేచునపుడు మోకాలు చేయు చప్పుడు విని ప్రక్కనున్న పిల్లి లేచి పోవును. దినమునకు పండ్రెండు మార్లు నీళ్ళకు లేవవలెను. ఆమె తరఫున ఆ యేడు బండి యెక్కినది కూతురు సుభాషిణి, ఇరువదిరెండేండ్ల వీరాంగన, ఎర్ర చున్నీని నడుమునకు బిగించిన రణచండి. బయలుదేరుటకు ముందు ఆ తల్లీకూతుళ్ళు పలికిన వీరసంభాషణము ఇది.

"ఓడిపోతే ఏం చేద్దాం మా?"

"ఏముందిలే. ఇంకో యేడు నడస్తా." అని మాలకొండమ్మ గంప తాడును రెండు ముడులు వేసి, పంటితో లాగి, మూడవ ముడి వేసెను. "మోకాలు ఒప్పుకుంటే."

సుభాషిణి యాక్సిలేటరు తిప్పెను.

ఆ తరువాతి యుద్ధమును వర్ణించుటకు వేయి నోళ్ళు వలదు, ఒక్క నోరు చాలును. ఏలయన అది నలువది సెకండ్లలో ముగిసెను. ఏడు మోపెడ్డులు ఏడు పొగమేఘములై బయలుదేరెను. ఒకటి పీత గుంటలో దిగి అక్కడనే స్థిరపడెను. ఒకటి సముద్రములోనికి తిరిగి పోయెను. మూడు తమలో తాము గుద్దుకొని, మూడు కుటుంబముల మధ్య మాటలు లేకుండ చేసెను. మిగిలినవి రెండు. పెంచలయ్య మీసము గాలికి రెండు చెవుల వరకు చాపుకొని పోయెను. సుభాషిణి చున్నీ వెనుక నిప్పు వలె ఆడెను. రెండు బండ్లును రెండు తెడ్ల నడుమ ఒక్క చప్పుడుగా దాటెను.

అంత కోలాహలము.

"నాది! నాదే ముందు!" అని పెంచలయ్య సింహనాదము చేసెను.

"ఏంది నీది? మా సుభాషిణి గంప నీ మీసం కంటే ముందొచ్చినాది!" అని మాలకొండమ్మ ప్రతినాదము చేసెను.

"మోకాలే పోయిందనుకున్నా మే, కళ్ళు గూడా పోయినాయా నీకు?"

"నా కళ్ళకేం రోగం? నీ గంప యాడుంది చూడు ముందు!"

అందరును చూచిరి. పెంచలయ్య గంప గీతకు ఆవల ఆరడుగుల దూరమున బోర్లపడియుండెను. గంపలోని కానాగంత చేపలు ఇసుకలో దొర్లి, పిండిలో ముంచిన అప్పములవలె నుండెను.

"అది గీత దాటినాక బ్రేకేస్తే పడింది. దాటినాక పడితే ఎవురికి లెక్క?" అని పెంచలయ్య మీసము దువ్వెను.

అది నిజమో అబద్ధమో చెప్పగల సాక్షి ఇసుక ఒక్కటే. చక్రముల జాడలు, గంప పడిన గుంట, సున్నపు గీత, అన్నియు దానిపై నుండెను. సరిగా ఆ సమయమున సముద్రము, ఏదో మరచిపోయి వచ్చిన చుట్టము వలె, ఒక్క పెద్ద అలగా వచ్చి, గీతను, జాడలను, నాలుగు కానాగంతలను ఊడ్చుకొని పోయెను.

జనుల చేతులలో ఎనుబది ఫోనులు కలవు. పరిశోధింపగా, ఆఖరి క్షణమున అందరును ఎగిరి గంతులు వేసినందున, కొన్నిటిలో ఆకాశమును, కొన్నిటిలో పాదములును ఉండెను. ఒకదానిలో ఒక బొటనవ్రేలు మాత్రము నలువది సెకండ్లు నిశ్చలముగా ప్రకాశించెను. మరియొకడు తన ముఖమునే తీసుకొనియుండెను. పందెము అతని ఎడమచెవి వెనుక జరిగెను.

అప్పుడు ఊరిపెద్ద చెంచురామయ్య లేచెను. ఆయన వయసున వీధినాటకములలో రాజు వేషములు వేసినవాడు. కిరీటము పోయెను గాని గొంతు పోలేదు. ఆయన తువ్వాలును భుజముపై నుండి తీసి గాలిలో ఝాడించి పలికెను:

"నిలువుడు! కలహము చాలింపుడు! ఇసుక సాక్ష్యము నీట కలిసినది. ఎనుబది ఫోనులు ఎనుబది అబద్ధములైనవి. అయినను ధర్మము చావలేదు! ఓయీ ఫ్రెడ్డీ! పెండ్లిపందిళ్ళలో పప్పు వడ్డించు గరిటెను సైతము విడువక తీసెడి కన్ను నీ భుజముపై నున్నది. తెడ్డు ప్రక్కన మూడుకాళ్ళ పీటపై దానిని నిలిపి, కదలక మెదలక, పందెమెల్ల చూచితివి. ఆ కన్ను ఏమి చూచెనో ఈ సభకు చూపుము!" ఆపై గొంతు తగ్గించి, "బిన్నా కానీ నాయనా, తొందరగా, పది గంటలకి నాకు బీపీ మాత్రుండాది" అనెను.

ఫ్రెడ్డీ కెమెరాను భుజము నుండి దించెను. అతడు పదునెనిమిదేండ్లుగా ఇతరుల ముఖములను తీసినవాడే గాని నలుగురిలో తన ముఖమును చూపినవాడు కాడు. అతని కెమెరా టేపు తిరుగునట్టి పాతది, ఇటుకరాయంత బరువు కలది. ఫోనులు వచ్చి పెండ్లివారు తమ పెండ్లి తామే తీసుకొనుచున్న ఈ కాలమునను దాని నతడు విడువకుండుటకు కారణము ఒక్క మీట. ఆ మీటపై తాబేలు బొమ్మ కలదు. దాని నొక్కిపట్టిన, తీసినది నత్త నడకన తిరుగును. విడిచిన, మామూలు వేగమున పరుగెత్తును. తలంబ్రాల వేళ ఒక్కొక్క బియ్యపు గింజను వేర్వేరుగా నేల దింపిన మీట అది.

తొలుత అతడు మామూలు వేగమున చూపెను. అరచేతిలో సగమైనను లేని తెరపై ఏదో సుయ్యిమని పోయెను.

"కనపడిందా?" అని పెంచలయ్య అడిగెను.

"ఏదో పోయినాది," అని చెంచురామయ్య.

"ఏది ముందు పోయినాది?"

"రెండోది."

ఈ తీర్పు ఎవ్వరికిని అర్థము కానందున, ఫ్రెడ్డీ తాబేలు మీటపై వ్రేలు మోపెను. అంతట మొదటి శత్రువు ఎదురయ్యెను. అతడు సహస్రకిరణుడు, ఆకాశమున నడినెత్తికి ఎగబ్రాకుచున్న సూర్యుడు. ఎండ తెరపై పడి, చూచువారికి తమ ముక్కులు తప్ప మరేమియు అగపడలేదు. చెంచురామయ్య తన జుట్టునకు రంగు వేయించు గడువు దాటినదని తెలిసికొనెను. అంతకు మించిన సత్యమేదియు బయటపడలేదు.

"చీకటి కావాలన్నా," అని ఫ్రెడ్డీ గొణిగెను. ఆనాడు అతడు పలికిన మొదటి మాట అది.

చీకటి తేబడెను. ఎండుచేపలు ఆరబెట్టు టార్పాలిన్ పట్టను తెచ్చి, నాలుగు కొసలు నలుగురు పట్టుకొని, ఇసుకపై ఒక గుహను నిర్మించిరి. ఒక కొస సుభాషిణి పట్టుకొనెను. గుహలోనికి ఫ్రెడ్డీ, చెంచురామయ్య, పెంచలయ్య, మాలకొండమ్మ పాకిరి. ఆ చీకటిలోనికి మొగుణ్ణి ఒంటరిగా పంపనని పెంచలయ్య భార్య వెంకటశేషమ్మయు పాకెను. పదేండ్ల ఎండునెత్తళ్ళ వాసన ఆ పట్టలో నివసించుచుండెను. అది కన్నులలోనికి, ముక్కులలోనికి, జ్ఞాపకములలోనికి చొచ్చెను. ఐదుగురు వీరులు ఐదు విధములుగా దగ్గిరి.

"లోపల ఏమైందీ?" అని బయటి నుండి సుభాషిణి.

"ఏం కాలేదు, ఇంకా బతికుండాం!" అని తల్లి.

ఫ్రెడ్డీ టేపును వెనుకకు తిప్పెను. చీకటిలో అంచనా తప్పి, పందెమును దాటి, శనివారమును దాటి, బుధవారపు పుట్టినరోజు విందులోనికి పోయెను. తాబేలు మీట నొక్కియే యుండెను. తెరపై విస్తళ్ళ వరుస కనబడెను. ఆ వరుసలో ఒక మహామీసము. ఆ మీసము క్రింద ఒక చేయి, పర్వతగుహ నుండి సర్పము వెలువడునట్లు, మెల్ల... మెల్లగా... గుడ్ల కూర గిన్నె వైపు సాగెను. వ్రేళ్ళు విడివడెను. ఒక గుడ్డు లేచెను. అది నోటి వైపు ప్రయాణించుచుండగనే ఎడమచేయి రెండవ గుడ్డును పట్టుకొనెను. మొదటి గుడ్డు నోట ప్రవేశించుటకు పదునేడు సెకండ్లు పట్టెను. బుగ్గ ఉబ్బుటకు మరి తొమ్మిది.

"కొలెస్ట్రాలు ఉండాదని," అని వెంకటశేషమ్మ అతి శాంతముగా అనెను, "ఇంట్లో ఆర్నెల్ల నుంచి గుడ్డు మాన్పించినా నేను."

"అది నేను గాదు. నా మాదిరి ఉండేవోడు," అని పెంచలయ్య.

"ఆ మీసం గూడా నీ మాదిరి ఉండేదేనా?"

"ముందుకు తిప్పు ఫ్రెడ్డీ! తిప్పు నాయనా, తిప్పు!" అని త్రివత్సరవిజేత ఆర్తనాదము చేసెను. గుహ వెలుపల జనులు, లోపల ఏమి జరుగుచున్నదో తెలియకయే, లోపలివారి నవ్వు విని తామును నవ్విరి.

ఫ్రెడ్డీ ముందుకు తిప్పెను. మోపెడ్డులు వచ్చెను. తెడ్లు వచ్చెను. తాబేలు మీట నొక్కెను. రెండు బండ్లు తేనెలో ఈదునట్లు గీత వైపు రాసాగెను. ఐదు తలలు ఒక్క తలయై తెరపైకి వంగెను. అప్పుడు ఎండునెత్తళ్ళు తమ ఆఖరి బాణమును విడిచెను. ఫ్రెడ్డీ తుమ్మెను. అది తుమ్ము కాదు, తుపాను. మీట నుండి వ్రేలు జారెను. బండ్లు సుయ్యిమని పోయెను.

"అయ్యో, పోయె!" అని చెంచురామయ్య రాజు వేషము మరచి రొమ్ము చరచుకొనెను.

తెర మూలన ఎర్రని గుర్తు ఒకటి కన్ను గీటసాగెను. ఫ్రెడ్డీ ఆ గుర్తును వ్రేలితో చూపెను. "బ్యాటరీ అయిపోతుండాదన్నా. ఇంకొక్కసారే."

"ఇంకో బ్యాటరీ?"

"ఇంట్లో. ఛార్జింగు లేదు."

ఒక్క మారు. ఆ ఒక్క మారులో తేలినది తేలును; తేలనిచో, చోటు పాతవానికే యని ఊరి కట్టు. మాలకొండమ్మ ఆ మాట నెరుగును. ఆమె చీకటిలో తన కుడి మోకాలిపై చేయి వేసికొనెను. పిమ్మట ఆ చేతినే చాచి, ఫ్రెడ్డీ ముక్కును రెండు వ్రేళ్ళ నడుమ గట్టిగా పట్టెను.

"నోటితో పీల్చుకో నాయనా. నువ్వు తుమ్మకుండా నేను చూసుకుంటా. నువ్వు మీట చూసుకో."

"దరి అక్కా," అని ఫ్రెడ్డీ పలికెను. సరే అక్కా యని అతని భావము.

ప్రభువును తలంచి, కెమెరాను మోకాళ్ళ నడుమ ఇరికించి, ఒక బొటనవ్రేలిపై మరియొక బొటనవ్రేలు వేసి, ఆ మహాపురుషుడు తాబేలును నొక్కెను. ఇసుకరేణువు ఒకటి మీట క్రింద దూరి ఎదురుతిరిగెను. అతడు దాని నెదిరించెను. గోరు తెల్లబడెను. నుదుటి చెమట కనుబొమపై ఆగి, పడుదునా వలదా యని ఆలోచించెను. ఆతడు విడువలేదు.

కాలము ఆగలేదు గాని, మోకాలు నొప్పి గలవాని వలె నడచెను.

ఎడమ నుండి పెంచలయ్య ముందుచక్రము వచ్చెను. దాని నుండి ఎగసిన ఇసుకరేణువులు ఒక్కొక్కటి విడివిడిగా, బంతిపూలవలె, గాలిలో తిరిగెను. ప్రక్కనే సుభాషిణి చక్రము, జానెడు వెనుక. పెంచలయ్య బుగ్గలు గాలికి తెరచాపలవలె ఊగెను. గీత రెండు బారల దూరమున నున్నది. అప్పుడు, చూచుచుండగనే, అతని పిరుదులు సీటు నుండి మెల్లగా లేచెను.

"ఎందుకు లేస్తుండావు?" అని వెంకటశేషమ్మ గుసగుసలాడెను.

"దణ్ణం పెడదామని. మూడేండ్లు గెల్చినా గదా..." అని పెంచలయ్య గొణిగెను.

తెరపై అతడు నిలుచుండెను. హ్యాండిలుపై ఒక చేయి, ఆకాశమునకు ఒక చేయి. అంతట సీటు మీద ఒక తాడు కొస స్వేచ్ఛ పొంది పాము వలె పడగ యెత్తెను.

"తాడు!" అని మాలకొండమ్మ కేక వేసెను. ముక్కును మాత్రము విడువలేదు. "తాడు ముడెయ్యలేదు సామీ! కొస తొడ కింద పెట్టుకొని కూర్చున్నాడు!"

వీధివీధికి ముడి విప్పు శ్రమ ఎవరు పడుదురని, గంపకు తాడు చుట్టి, కొసను తొడ క్రింద అదిమి కూర్చుండుట ఆ అంగడిలో సగము మందికి అలవాటే. బేరము తగిలిన తొడ ఎత్తిన చాలును. అట్టి తొడ ఇప్పుడు గీతకు రెండు బారల ముందే లేచెను.

గంప కదలెను. సీటు అంచున ఒక్క నిమిషము నిలచి, ఇక సెలవని, గాలిలోనికి లేచెను. మూతలేని ఆ నీలిపాత్ర నుండి కానాగంతలు ఒకదాని వెంట ఒకటి వెలువడి, ఎండలో వెండిబాకులవలె మెరయుచు, తోకలు కదుపుచు, చచ్చిన పిమ్మట మరల ఒక్కమారు ఈదెను. క్రింద మోపెడ్డు, తన గంప తనతో లేదని ఎరుగక, పాపము, గీతను దాటెను.

"నా చక్రం దాటింది! చూడండా!" అని పెంచలయ్య.

"చక్రం మాకెందుకయ్యా? గంప చూడు!" అని చెంచురామయ్య.

ఎర్రగుర్తు వేగముగా కన్ను గీటెను. సుభాషిణి చక్రము దాటెను. ఆమె మోకాలు దాటెను. మూడు ముడుల తాడు గల ఆమె గంప గీత మీదికి వచ్చెను. గాలిలో ఎగురుచున్న పెంచలయ్య గంప దాని ప్రక్కకు వచ్చెను. రెండు నీలిగంపలు, ఒకటి నేలబండిపై, ఒకటి ఆకాశమున. ఐదుగురును ఊపిరి బిగబట్టిరి. ఫ్రెడ్డీకి వేరే దారి లేదు.

"ఇప్పుడు ఆపు!" అని చెంచురామయ్య గర్జించెను.

ఫ్రెడ్డీ ఆపలేదు. పదునెనిమిదేండ్ల అనుభవము అతని వ్రేళ్ళలో నుండెను. పెండ్లికొడుకు చేయి తాళిపై ముడి వేయక ముందే ఫోటోలకు కేకలు వేయువారిని అతడు ఎందరిని చూడలేదు? ఇంకొక్క వెంట్రుకవాసి సాగనిచ్చెను. మరియొక వెంట్రుకవాసి. అప్పుడు ఆపెను.

రెండు తెడ్ల నడుమ సున్నపు గీత. గీతను సంపూర్ణముగా, అంచుతో సహా, దాటిన సుభాషిణి గంప. గీతను ఇంకను దాటక, గాలిలో ప్రక్కకు వాలి, పెంచలయ్య గంప. నడుమ జానెడు.

అందరును చూచిరి. రెండుమారులు చూచిరి. మూడవమారు చూడబోవగా తెర నల్లబడి, కెమెరా కన్నుమూసెను.

"గాల్లో ఉంటే మాత్రం గంప గంప గాదా?" అని పెంచలయ్య తుది అస్త్రము ప్రయోగించెను.

"గంపే. ఎవురు కాదన్నారు?" అని వెంకటశేషమ్మ అనెను. "కాకుంటే రెండో గంప. లే, బయటికి పద. గీత దాటినాక పెట్టకూడదా దణ్ణం?"

ఆ మహావీరుడు మీసమునకు అంటిన ఇసుకను దులుపుకొనెను. పిమ్మట, "నువ్వే ముందు మాలకొండక్కా. నేను చూసినా," అనెను. ఆ మాట గట్టిగా, గుహ వెలుపలివారికి వినబడునట్లు అనెను గనుక, అతని మూడేండ్ల విజయములకంటె ఇదియే గొప్పదని ఎంచుటలో తప్పులేదు.

పట్ట తొలగెను. ఎండ దిగెను. చెంచురామయ్య తువ్వాలు ఝాడించి, "ఎనిమిది దిక్కులారా వినుడు! అరక్షణము అబద్ధమాడునేమో గాని, సాగదీసిన అరక్షణము అబద్ధమాడదు! కుళాయి చోటు మాలకొండమ్మది!" అని ప్రకటించి మాత్ర కొరకు ఇంటికి పరుగెత్తెను. సుభాషిణి తల్లిని రెండు చేతులతో ఎత్తబోగా, "దించు పిల్లా, నడుం పడతాది," అని తల్లి తిట్టెను. ఫ్రెడ్డీ తన ముక్కును తడిమి చూచుకొనెను. అది ఎర్రగా, కొంచెము పొడుగుగా, కాని క్షేమముగా నుండెను.

పదకొండు గంటలకు అంగడి తెరచిరి. పెంచలయ్య తన బండిని తానే త్రోసుకొని ఆ చివరకు పోయెను. మాలకొండమ్మ కుళాయి ప్రక్కన పీట వేసి, చేపలు పరచి, బకెట్టును కుళాయి క్రింద పెట్టి కూర్చుండెను. మొదటి బేరము వచ్చెను. చేయి చాచి కుళాయి తిప్పెను. నీళ్ళు వచ్చెను. రెండవ బేరము వచ్చెను. మరల చేయి చాచెను. అలవాటు చొప్పున ఒకమారు లేవబోయి, రెండు చేతులు మోకాళ్ళపై ఆన్చి, ఏదో తోచి ఆగి, ఎవరైనను చూచిరేమోయని అటునిటు చూచి, తిరిగి కూర్చుండెను.

సముద్రమా, ఘోషింపుము. తెడ్లారా, చాటుడు. ఆ దినము పదకొండు గంటలు మొదలు ఒంటిగంట వరకు, పండ్రెండు బేరములలో, ఒక్కమారైనను, మాలకొండమ్మ లేవలేదు!